తిరిగి తెచ్చుకున్న చూపు

వయసుతో పాటు విశ్వాసమూ పండుతుందని ఆశించడం సహజమే గాని, ఆ పండే క్రమంలోనే అందులోని అబ్బురం ఆవిరైపోవడం క్రైస్తవ సంఘానికి శతాబ్దాలుగా తెలిసిన అనుభవం. నలభై క్రిస్మసులు చూసిన సంఘ సభ్యునికి బేత్లెహేము కథలో తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలుసు: గొల్లలు వస్తారు, తూర్పు జ్ఞానులు వస్తారు, ప్రసంగం ముగుస్తుంది, కేకు పంచుతారు. దేవుడు పసిబిడ్డగా పుట్టాడన్న మాట నిజమైతే, మనిషి చెవిన పడగల మాటలన్నిటిలోకీ అంత విడ్డూరమైనది మరొకటి ఉండదు; అయినా ఆరాధన చివర చదివే ప్రకటనల్లో ఒకటిగా అది వినిపించి వెళ్ళిపోతుంది.

ఈ స్థితికి విరుగుడుగా క్రైస్తవ ఆలోచనాపరులు పదేపదే ఆశ్రయించిన భావన శిశుసహజమైన విస్మయం. తెలియనితనం వల్ల కలిగే తికమకనో, సమాధానం దొరకగానే తీరిపోయే కుతూహలాన్నో ఇక్కడ విస్మయమని అనడం లేదు. ఒక వస్తువు లేకుండా పోకుండా ఉండటమే, అదీ తనకెవరూ బాకీ లేకపోయినా తన ముందు ఉండటమే గొప్పగా తోచే మనఃస్థితి అది. అందుకే తెలిసేకొద్దీ తరగకుండా పెరగగలదు. పసితనంలో అయాచితంగా వచ్చే ఆ చూపును, పోగొట్టుకున్న తర్వాత పెద్దవాడు బుద్ధిపూర్వకంగా తిరిగి సంపాదించుకోగలడా అన్నది ప్రశ్న. 17వ శతాబ్దపు ఇంగ్లండులో థామస్ ట్రహెర్న్ అనే గ్రామ గురువు ఆ ప్రశ్నకు ఇచ్చినంత నిండైన జవాబు క్రైస్తవ వాఙ్మయంలో అరుదు.

ట్రహెర్న్ దగ్గరకు వెళ్ళే ముందు బైబిలు ఏం చెబుతోందో సరిగా చూసుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో తీపి మాటలు తేలిగ్గా చొరబడతాయి. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో, పరలోక రాజ్యంలో ఎవరు గొప్ప అని శిష్యులు అడిగినప్పుడు యేసు ఒక బిడ్డను పిలిచి వారి నడుమ నిలబెట్టి, మనసు మార్చుకుని పిల్లల్లా కానివారికి ఆ రాజ్యంలో ప్రవేశం లేదని చెబుతాడు. మార్కు సువార్త 10వ అధ్యాయంలో పిల్లలను తీసుకొచ్చిన వారిని శిష్యులు గద్దిస్తే ఆయన కోపపడి, ఆ పిల్లలను ఎత్తుకుని దీవిస్తాడు. ఆనాటి రోమా సామ్రాజ్యంలో బిడ్డ అంటే హోదా, హక్కు, లెక్క ఏవీ లేని మనిషి గనుక, మత్తయి చెప్పిన సన్నివేశంలో మొదటి పాఠం తగ్గింపు గురించినదేనని పండితులు అంటారు, అది నిజమే. విస్మయం గురించిన మాట మరింత స్పష్టంగా 8వ కీర్తనలో ఉంది: అక్కడ రాత్రి ఆకాశంలో చంద్రుణ్ణీ నక్షత్రాలనూ చూసి, ఇంత సృష్టిలో మనిషిని దేవుడు జ్ఞాపకం చేసుకోవడమేమిటని నిర్ఘాంతపోయే పెద్దవాడి గొంతూ, చంటిబిడ్డల నోట వెలువడే స్తుతీ ఒకే పాటలో కలిసి ఉన్నాయి. దేవాలయంలో పిల్లలు కేకలు వేస్తున్నారని పెద్దలు మండిపడినప్పుడు యేసు గుర్తుచేసినది ఆ కీర్తననే. ఇక పౌలు, పెద్దవాడనయ్యాక పిల్లచేష్టలు మానుకున్నానని కొరింథీయులకు రాస్తూనే, దుష్టత్వం విషయంలో శిశువులుగానూ ఆలోచన విషయంలో పెద్దవారిగానూ ఉండమని హెచ్చరిస్తాడు. కనుక ప్రశ్నలు మానేసి నోరుమూసుకుని నమ్మడమే పసితనమని బోధించేవారికి ఈ వాక్యాల్లో ఆధారం దొరకదు. ఆ మాటకొస్తే, ఏ ఇంట్లోనైనా అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేది పిల్లలే.

ట్రహెర్న్ 1637 ప్రాంతంలో, వేల్స్ సరిహద్దుకు దగ్గరున్న హెరెఫర్డ్ పట్టణంలో, బూట్లు కుట్టి బతికే ఒక వ్యక్తికి కొడుకుగా పుట్టాడు. అతడి బాల్యం రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం సాగిన రోజుల్లో గడిచింది. 1645లో స్కాట్లండు సైన్యం హెరెఫర్డ్‌ను వారాల తరబడి ముట్టడించేనాటికి అతడికి సుమారు ఎనిమిదేళ్ళు. ఆక్స్‌ఫర్డ్‌లోని బ్రేజ్‌నోస్ కళాశాలలో చదువుకుని, 1657లో హెరెఫర్డ్‌కు సమీపంలోని క్రెడెన్‌హిల్ అనే పల్లె సంఘానికి గురువుగా నియమితుడై, తర్వాత సర్ ఓర్లాండో బ్రిడ్జ్‌మన్ అనే ఉన్నత న్యాయాధికారి ఇంటి గురువుగా పనిచేస్తూ 1674లో కన్నుమూశాడు. బతికి ఉండగా అచ్చయిన పుస్తకం ఒక్కటే, అదీ పేరు లేకుండా వచ్చిన వాద గ్రంథం. నేడు అతణ్ణి గొప్పవాడిగా నిలబెట్టిన రచనలు రెండు వందల ఏళ్ళకు పైగా ఎవరి కంటా పడలేదు. 1896–97 శీతకాలంలో లండన్ వీధిలో పాత పుస్తకాల బండి మీద కొన్ని చిల్లర పెన్నీలకు దొరికిన రెండు రాతప్రతులను మొదట హెన్రీ వాన్ అనే మరో కవివని పొరబడ్డారు. బెర్ట్‌రం డోబెల్ అనే పుస్తక వ్యాపారి ఓపికగా వెతికి అసలు రచయితను పట్టుకుని, 1903లో పద్యాలనూ 1908లో 'ధ్యాన శతకాలు' అనదగిన వచన గ్రంథాన్నీ ప్రచురించాడు. 1967 ప్రాంతంలో లాంకషైర్‌లో కాలుతున్న చెత్తకుప్ప మీద నుంచి ఒక వ్యక్తి లాగి తీసిన మరో బృహత్ ప్రతి ఇతడిదేనని 1980ల ఆరంభంలో గాని తేలలేదు; 1997లో లండన్‌లోని లాంబెత్ ప్యాలెస్ గ్రంథాలయంలో ఇంకొన్ని బయటపడ్డాయి.

శతకాలు అన్నది ఇక్కడ లెక్కకు సంబంధించిన పేరు: నూరేసి చిన్న ధ్యానాలతో నాలుగు భాగాలు, అయిదో భాగంలో పది మాత్రమే. ఒక మిత్రురాలు కానుకగా ఇచ్చిన ఖాళీ పుస్తకాన్ని నింపి తిరిగి ఇవ్వడానికి వీటిని రాశాడని ఎక్కువమంది అభిప్రాయం; ఆ ఖాళీ పుస్తకాన్ని శిశువు ఆత్మతో పోలుస్తూనే మొదటి ధ్యానం మొదలవుతుంది. మూడో శతకంలో ట్రహెర్న్ తన బాల్యాన్ని వర్ణించిన తీరు ఆంగ్ల వచనంలోనే అపురూపమైనది. విత్తడం, కోయడం అన్నవి ఎరగని నిత్యమైన పంటగా గోధుమ చేను ఆ పిల్లవాడికి కనిపించింది. వీధిలోని దుమ్మూ రాళ్ళూ బంగారమంత విలువైనవిగా, ఊరి గుమ్మాల గుండా మొదటిసారి చూసిన పచ్చని చెట్లు గుండె ఎగిరేంత అందమైనవిగా తోచాయి. ముసలివారు దేవదూతల్లా, వీధిలో దొర్లి ఆడుకునే పిల్లలు కదిలే రత్నాల్లా ఉన్నారు. అప్పులూ పన్నులూ హద్దులూ ఉన్నాయని అతడికి తెలియదు గనుక ఊరంతా అతడిదే, ఆకాశమూ అతడిదే. పొలం చుట్టూ కంచె, ఇంటి చుట్టూ గోడ, నాది నీది అన్న తేడా, ఇవన్నీ తర్వాత నేర్పబడిన సంగతులని అతడు పద్యాల్లో కూడా పదేపదే అంటాడు.

ఇంతవరకే చదివి ఆగేవారికి ట్రహెర్న్ బాల్యాన్ని తలచుకుని మురిసిపోయే కవిగా మిగిలిపోతాడు. అదే శతకంలో అతడు చెప్పిన మరో రెండు జ్ఞాపకాలు ఆ అభిప్రాయాన్ని సరిదిద్దుతాయి. సుమారు నాలుగేళ్ళ వయసులో, తండ్రి పేదింట్లో ఒక చిన్న చీకటి గదిలో కూర్చుని, దేవుడుంటే ఆయన మంచితనానికి అంతుండకూడదు గదా, అలాంటప్పుడు తానింత పేదవాడుగా ఎందుకు ఉండాలని ఆ పసివాడు తర్కించుకున్నాడు. మరోసారి, మబ్బు కమ్మిన ఒక సాయంకాలం పొలంలో ఒంటరిగా ఉన్నప్పుడు, చుట్టూ అంతా నిశ్శబ్దమైపోయి, చెప్పలేనంత వెలితీ భయమూ ఆ బాలుణ్ణి ఆవరించాయి. ఆ అనుభవమే తనకు ఈ లోకపు చివరి అంచుల దాకా అంతటితోనూ సంబంధం ఉందని నేర్పిందని పెద్దవాడయ్యాక రాశాడు. పసితనపు చూపులో ఆనందంతో పాటు ఈ గగుర్పాటు కూడా ఉందని ఒప్పుకోవడం వల్లనే అతడి మాట నమ్మదగినదిగా నిలుస్తుంది. పిల్లల మతబోధనలో రంగుల బొమ్మలూ చప్పట్ల పాటలూ మాత్రమే మిగిల్చి ఈ భయాన్ని తుడిచేయాలని చూసేవారు, విస్మయంలో సగభాగాన్ని తీసివేస్తున్నారని గ్రహించడం మంచిది.

ఆ చూపు ఎలా పోయిందో కూడా ట్రహెర్న్ కచ్చితంగా చెబుతాడు. అతడి బాల్యాన్ని చెడగొట్టినది పెద్ద పాపమేదీ కాదు; తోటి పిల్లలు ఒక డోలును, మంచి కోటును, ఒక పెన్నీని, బంగారు పూత అట్ట ఉన్న పుస్తకాన్ని గొప్పగా చెప్పుకుంటుంటే విని తానూ వాటినే కోరుకోవడం నేర్చుకున్నాడు. కొనదగినవి విలువైనవిగా మారినప్పుడు కొననక్కరలేనివి, అంటే సూర్యుడు, గాలి, నీరు, తన సొంత కళ్ళు, లెక్కలోంచి జారిపోయాయి. అవి ఉన్నచోటే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడకపోవడం వల్ల అవి లేనట్టే అయ్యాయి. మనుషుల దుఃఖానికి లోపలి స్వభావదోషం కంటే బయటి ఆచారం, లోకాభిప్రాయం వేసిన సంకెళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ కారణమని అతడు తేల్చాడు.

ఈ మాట క్రైస్తవ వేదాంతంలో ఒక పాత వివాదాన్ని కదిలిస్తుంది. ఆదాము అవిధేయత వల్ల మానవజాతి అంతా పుట్టుకతోనే చెడిపోయిన స్వభావంతో వస్తుందన్న జన్మపాప సిద్ధాంతాన్ని బలంగా రూపొందించిన అగస్టీను, తన 'ఒప్పుకోలు' మొదటి సంపుటంలో, ఇంకా మాటలు రాని శిశువు తనతో పాటు పాలు తాగే మరో శిశువును అసూయతో పాలిపోయి చూడటాన్ని ఉదాహరణగా చూపాడు. పిల్లలను పెంచిన ఏ తల్లీ అగస్టీను మాటను కొట్టివేయలేదు. ట్రహెర్న్ జన్మపాపాన్ని కాదన్నాడని ఆరోపించినవారు ఉన్నారు గాని, అతడి ఇతర రచనల్లో ఆ సిద్ధాంతం చోటుచేసుకునే ఉంది గనుక ఆ తీర్పు తొందరపాటే. ట్రహెర్న్ వర్ణించిన పిల్లవాడు నిర్దోషి అవునో కాదో గాని, అతడు చూసింది మాత్రం ఉన్నదే: గోధుమ నిజంగా అద్భుతమే, దాన్ని చూడటం మానేసిన పెద్దవాడే పొరబడ్డాడు. బాల్యానుభవాన్ని భ్రమగా కాక సాక్ష్యంగా తీసుకోవాలన్న ఈ పట్టుదలలోనే ట్రహెర్న్ కొత్తదనం ఉంది, ఇక్కడ అతడి పక్షమే సరైనదనిపిస్తుంది.

తిరిగి రావడం మాత్రం పసితనం వచ్చినంత సులువుగా జరగలేదు. చదువు ముగించి పల్లెకు చేరిన ట్రహెర్న్, ఏడాదికి పది పౌండ్లతో తోలు బట్టలు కట్టుకుని రొట్టె, నీళ్ళతో బతకవలసి వచ్చినా సరే, తన కాలమంతా నిజమైన ఆనందాన్ని వెతకడానికే వెచ్చించాలని నిర్ణయించుకున్నట్టు రాశాడు. ఆ ఆనందాన్ని ఒక శాస్త్రంలా నేర్చుకోవాలని అతడి నమ్మకం. విశ్వవిద్యాలయంలో అన్ని శాస్త్రాలూ బోధించారు గాని దీన్ని నేరుగా బోధించే గురువు లేడని బాధపడ్డాడు కూడా. అతడి సాధన ప్రధానంగా ఊహతో కూడినది. నక్షత్రాల మధ్యనే ఎప్పుడూ నివసించి భూమిని ఎన్నడూ చూడని ఒక జీవి మొదటిసారి ఇక్కడికి దిగివస్తే, ఇన్ని రకాల ప్రాణులనూ రంగులనూ పరిమళాలనూ చూసి ఎలా స్పందిస్తుందో ఒక రచనలో సుదీర్ఘంగా ఊహించాడు. 'శరీరం కోసం కృతజ్ఞతలు' అన్న మరో రచనలో అవయవాలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటి పనితీరుకు దేవుణ్ణి స్తుతించాడు. చెత్తకుప్ప నుంచి బయటపడిన ప్రతి, లోకంలోని ప్రతి విషయాన్నీ అక్షరక్రమంలో వివరించి దైవస్తుతిగా మార్చాలన్న మహా ప్రయత్నం. చీమ, అణువు అన్న శీర్షికలు కూడా అందులో ఉన్నాయి, కాని ఆంగ్ల వర్ణమాలలో రెండో అక్షరం దాటకుండానే అది ఆగిపోయింది.

చీమ, అణువు అన్నవి యాదృచ్ఛికంగా వచ్చినవి కావు. లండన్‌లో రాయల్ సొసైటీ అనే విజ్ఞాన సంఘం 1660లో ఏర్పడింది. రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినితో చూసి గీసిన ఈగ కన్ను, పేను శరీరం బొమ్మలతో 'మైక్రోగ్రాఫియా' 1665లో వెలువడింది. ఆ కాలపు గురువుల్లో కొత్త విజ్ఞానాన్ని చూసి బెదిరినవారు ఉండగా, ట్రహెర్న్ దానిలో తన వాదనకు బలం చూశాడు. వివరణ దొరికితే విస్మయం చచ్చిపోతుందన్న నేటి వ్యవహారపు అభిప్రాయాన్ని అతడు అంగీకరించి ఉండేవాడు కాదు. ఆకు పచ్చగా ఎందుకుందో తెలిసిన విద్యార్థికి, వెలుతురును ఆహారంగా మార్చే ఏర్పాటు ఒకటి అసలు ఉండటమే మరింత వింతగా కనిపించాలి. అలా కనిపించకపోతే తప్పు వృక్షశాస్త్రానిది కాదు, దాన్ని మార్కుల కోసం మింగించిన పద్ధతిది.

డోబెల్ 'ధ్యాన శతకాలు' అచ్చువేసిన 1908లోనే ఆంగ్ల రచయిత జి.కె. చెస్టర్‌టన్ 'ఆర్థొడాక్సీ' అనే గ్రంథం ప్రచురించి, పాత్రికేయుడి వేగంతో ఇదే దారిలో నడిచాడు. ఒకే పని రోజూ జరిగితే దాని వెనుక ప్రాణం లేదనీ అది యంత్రమనీ ఆధునికుడు అనుకుంటాడు. చెస్టర్‌టన్ వాదన దీనికి విరుద్ధం. నచ్చిన ఆటను పిల్లవాడు మళ్ళీ మళ్ళీ చేయమంటాడు, పెద్దవాడు అలసిపోతాడు. ప్రతి ఉదయం సూర్యుడు రావడం దేవుడు ఇంకా అలసిపోకపోవడం వల్లనే కావచ్చునని అతడు సూచించాడు. రాబిన్సన్ క్రూసో కథలో అన్నిటికంటే గొప్ప భాగం, మునిగిన ఓడలోంచి దక్కించుకున్న సామాను జాబితా అని కూడా అదే గ్రంథంలో అంటాడు: పోయి ఉండగలిగి పోకుండా మిగిలినదన్న స్పృహ కలిగితే గొడ్డలి, బస్తా కూడా సంపదగా కనిపిస్తాయి. ట్రహెర్న్ ధ్యానంగా చేసినదాన్ని చెస్టర్‌టన్ తర్కంగా చేశాడు.

ఈ వాదనల ఎదుట నిలిచే బలమైన అభ్యంతరం బాధకు సంబంధించినది. ఆకలితో, జబ్బుతో, అవమానంతో ఉన్న మనిషికి గోధుమ చేను అందం గురించి చెప్పడం క్రూరత్వం కాదా? ట్రహెర్న్ జీవితం బాల్యంలోనే యుద్ధానికి లోనై, 1665 నాటి లండన్ ప్లేగునూ 1666 నాటి అగ్నిప్రమాదాన్నీ చూసిన తరంలో గడిచి, ముప్ఫై ఏడేళ్ళకే ముగిసింది. కష్టం తెలియని మనిషి రాతలుగా అతడి రచనలను తోసిపుచ్చలేం. మొదటి శతకంలోనే అతడు క్రీస్తు సిలువ దగ్గర చాలాసేపు ఆగుతాడు, లోకమంతా కానుక అయితే ఆ కానుకకు చెల్లించిన వెల అక్కడే కనబడుతుందంటాడు. అయినా, ఊరంతా నీదే అనుకో అన్న అతడి బోధ, ఊళ్ళో గజం నేల లేనివాడి ఆకలిని తీర్చదన్నది వాస్తవం. కంచెలను పాపంగా చూసిన రచయిత వాటిని పీకేయడం గురించి తగినంత చెప్పలేదు. ఇది అతడి లోటు.

పిల్లలకు బోధించే తరగతి గదిలోకి ఈ ఆలోచనను తెచ్చినవారిలో ముఖ్యురాలు సోఫియా కవల్లెట్టి. హీబ్రూ లేఖనాల పండితురాలైన ఈమె, విద్యావేత్త మరియా మాంటిస్సోరి శిష్యురాలు జియన్నా గొబ్బితో కలిసి 1954లో రోములో చిన్నపిల్లల కోసం ఒక బోధనా పద్ధతిని ప్రారంభించారు. 'మంచి కాపరి క్యాటకీసిస్' అన్న పేరుతో అది అనేక దేశాలకు విస్తరించింది. అందులో పిల్లల చేతికి చెక్కతో చేసిన కాపరి, గొర్రెలు, దొడ్డి ఇస్తారు. కథ క్లుప్తంగా చెప్పి, ఆ గొర్రెలు ఎవరో ఉపాధ్యాయురాలు వెంటనే చెప్పేయకుండా ఆగుతుంది. పిల్లవాడు వాటిని దొడ్డిలోంచి బయటికి, మళ్ళీ లోపలికి కదుపుతూ, ఒక్కోసారి వారాల తర్వాత, తానే తెలుసుకుంటాడు. అమెరికాలో జెరోమ్ బెరీమన్ అనే గురువు దీని ఆధారంగా రూపొందించిన పద్ధతిలో కథ తర్వాత వచ్చే ప్రశ్నలకు సరైన జవాబు, తప్పు జవాబు అన్న విభజన ఉండదు. కథ, పాట, కంఠత వాక్యం అన్న మూడు స్తంభాల మీద నడిచే తెలుగు సండే స్కూళ్ళకు ఈ ఆగడం కొత్తే. కంఠతా పట్టించడంలో తప్పేమీ లేదు, ఎనభై ఏళ్ళ వయసులో ఆసుపత్రి మంచం మీద ఆదుకునేవి తరచు ఆ వాక్యాలే. కాని బహుమతి కోసం గుక్క తిప్పుకోకుండా వాక్యం అప్పగించిన బిడ్డను, అందులో నీకు వింతగా తోచిందేమిటని అడిగే సమయం కూడా తరగతిలో ఉండాలి.

చాలా చిన్న పిల్లల ప్రార్థనల్లో అడుక్కోవడం తక్కువ, కృతజ్ఞతా స్తుతీ ఎక్కువని కవల్లెట్టి ఏళ్ళ తరబడి గమనించి రాశారు. ఆ పరిశీలనను పక్కన పెట్టుకుని తెలుగు సంఘాల్లోని సాక్ష్యాలను వింటే ఒక సంగతి తెలుస్తుంది. ఉద్యోగం వచ్చినందుకు, వీసా దొరికినందుకు, ఆపరేషన్ సవ్యంగా జరిగినందుకు వందనాలు చెల్లిస్తారు, చెల్లించవలసిందే. కళ్ళు కనబడుతున్నందుకు, తెల్లవారినందుకు లేచి నిలబడి సాక్ష్యం చెప్పేవారు అరుదు. అయితే పల్లె సంఘాల కోత పండుగలో ఆ అరుదైనది ఇంకా మిగిలి ఉంది. కొత్త వడ్ల కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు బలిపీఠం ముందు పరచి ఉంటాయి, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, పిల్లలు ముందు వరుసలోకి జొరబడి కోళ్ళను చూస్తుంటారు. పట్టణ సంఘాలు చాలావాటిలో ఆ చోటును కవరులో పెట్టిన నగదు ఆక్రమించింది. లెక్కలకు అదే అనువు. కోత పండుగ రోజున గురువు ప్రసంగం కొంత తగ్గించి, ఒక వడ్ల కంకిని పైకెత్తి పట్టుకుని, దాన్ని ఇంతకుముందు ఎన్నడూ చూడనివారిలా సంఘమంతా చూసేందుకు వ్యవధి ఇస్తే, ట్రహెర్న్ జీవితమంతా చేసిన సాధనలో మొదటి మెట్టు అక్కడ మొదలైనట్టే.